సాబ్ గారి గినీపిగ్గు మేత మానేసింది

సెలవు మీద వెళ్తున్న మెహ్‌రోత్రా సాబ్ తన గదిలో ఉన్నవాళ్లను చూసి, తాను తిరిగొచ్చేదాకా మోమోని ఎవరు చూసుకుంటారని అడిగాడు. ఆదిబాబు వెంటనే చెయ్యెత్తేశాడు. మోమో అంటే కుక్కో, పిల్లో, సాబ్ అత్తగారో అతనికి తెలీదు.

జంషెడ్‌పూర్ ఊరి చివర, లారీలకు స్ప్రింగులు చేసే కంపెనీ ఒకటుంది. మెహ్‌రోత్రా అక్కడ అడ్మిన్ మేనేజరు. ఆఫీసర్ల బంగళాల చుట్టూ ఉన్న తోటల కాంట్రాక్టు ఆదిబాబుది. అది నెలాఖరుతో ముగుస్తుంది. ఆ పూట అతను బిల్లు మీద సంతకం కోసం వచ్చాడు. పక్కనే నీలకంఠం ఉన్నాడు. నీలకంఠానిది రోడ్లు ఊడ్చే కాంట్రాక్టు, కన్ను మాత్రం తోటల మీద. అతనూ చెయ్యెత్తాడు గానీ రెప్పపాటు ఆలస్యమైంది. ఇద్దరి తాతలూ టెక్కలి వైపు నుంచి ఒకే రైల్లో వచ్చినవాళ్లు. ఇప్పుడు ఇద్దరి ఇళ్లూ బారిడీహ్‌లో రెండు వీధుల తేడాలో ఉన్నాయి. మామూలు రోజుల్లో అన్నా, తమ్ముడూ అనుకుంటారు. టెండర్ల కాలంలో ఒకరికొకరు కనబడరు.

తన ఇంట్లో చిన్నప్పట్నుంచీ జంతువులేనని ఆదిబాబు సాబ్‌కి హిందీలో చెప్పాడు. అతని ఇంట్లో ఉన్న జంతువులు బల్లులు మాత్రమే.

సాయంత్రం సాబ్ డ్రైవరు పంజరం దింపి వెళ్లాడు. అందులో అరచేతికన్నా కాస్త పెద్దది, తెలుపూ గోధుమరంగూ మచ్చలతో, తోక లేని జంతువొకటి బెదురుగా చూస్తోంది. ఆదిబాబు తల్లి అమ్మణ్ణి కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది.

"ఎలకని తెచ్చినావేటిరా?"

ఎలక కాదనీ, గినీపిగ్గనీ, సాబ్ గారి అమ్మాయికి ప్రాణమనీ ఆదిబాబు చెప్పాడు. సాబ్ గారి ఇంట్లో ఎలకకైనా దొర పేరుంటుందని గొణుక్కుంటూ ఆవిడ మంచం ఇంకో మూలకి లాక్కుంది. ఆదిబాబు భార్య పద్మకుమారి మాత్రం పంజరం చల్లగాలి తగలని చోట పెట్టించింది. కూతురు శ్వేత కాలేజీ నుంచి వచ్చీరాగానే ఫోనులో ఆ జంతువు గురించి చదవడం మొదలుపెట్టింది.

మర్నాటికి మోమో మేత మానేసింది.

దాంతోపాటు వచ్చిన సంచీలో ఎండుగడ్డి ఉంది, గడ్డిని పొడిచేసి గింజల్లా ఒత్తిన మేత ఉంది. రెండూ ముట్టలేదు. ఒళ్లంతా ముడుచుకుని, బొచ్చు నిక్కబొడుచుకుని మూలన కూర్చుంది. పెంట కూడా వేయలేదు. చోటు మారిన బెంగేమో అంది పద్మకుమారి. ఆదిబాబుకి పంజరంలో జంతువు కనబడలేదు. నీలకంఠం మనుషులు తన గులాబీ మొక్కలకి నీళ్లు పోస్తున్నట్టు కనబడింది.

సాక్చి దగ్గర పశువుల డాక్టరు దగ్గరికి దాన్ని అట్టపెట్టెలో పెట్టి తీసుకెళ్లారు. వరసలో ముందున్నవన్నీ కుక్కలే. డాక్టరు దాని పళ్లు చూశాడు, పొట్ట నొక్కి చూశాడు. పళ్లు బాగానే ఉన్నాయి, పొట్టే కదలడం ఆగిపోయిందన్నాడు. సూది మందు వేసి, నోట్లో పోసే చుక్కలు రాసిచ్చాడు. మందు దాని పని అది చేస్తుందనీ, పొట్టలోకి మేత పడకపోతే మాత్రం ఈ జంతువు ఎక్కువ కాలం నిలవదనీ చెప్పాడు. ఇలాంటివాటి కోసం పొడి ఒకటి దొరుకుతుంది గానీ అది కలకత్తా నుంచి రావాలి. వచ్చేదాకా ఇంట్లోనే కలపాలి. అది తినే గింజలే వేడినీళ్లలో నానబెట్టి, మెత్తగా రుబ్బి, వడగట్టి, దాన్లో క్యాప్సికం రసం, పచ్చి గరిక రసం కలిపి, సూది తీసేసిన సిరంజితో కొంచెం కొంచెంగా, పగలంతా రెండు మూడు గంటలకోసారి పట్టాలి. పాలు వద్దు, పంచదార వద్దు, గంజి వద్దు అని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

ఇంటికి రాగానే అమ్మణ్ణి అడిగిన మొదటి మాట, కాస్త గంజి పట్టారా అని.

తొలి ముద్ద ఆదిబాబే పడతానన్నాడు. సాబ్‌కి చెప్పుకోవాలంటే తన చేత్తో పట్టినట్టుండాలి. మోమోని చంటిపిల్లని పడుకోబెట్టినట్టు ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టాడు. శ్వేత గదిలోంచి పరిగెత్తుకొచ్చింది. "పీఠ్ కే బల్ నహీ పాపా, సాంస్ మే చలా జాయేగా," అని దాన్ని లాక్కుంది. అలా వెల్లకిలా ఉంచి పడితే ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయి ఉన్న ప్రాణం కాస్తా పోతుందట. ఆదిబాబు సిరంజి పద్మకుమారికి ఇచ్చేశాడు.

ఆవిడ మోమోని పాత తువ్వాల్లో చుట్టి, తల మాత్రం బయటికి ఉంచి, రొమ్ముకి ఆనించుకుంది. ముందు పళ్ల వెనక, దవడ పక్కన ఖాళీ ఉంటుంది. అక్కడ సిరంజి కొన ఆనించి ఒక్క చుక్క వదిలింది. అది మింగలేదు. పచ్చటి చుక్క గడ్డం మీదుగా జారి తువ్వాల్లో ఇంకింది. రెండోదీ అంతే. మూడోసారికి దవడ కొంచెం కదిలింది. ఆవిడ అది నమిలేదాకా ఆగి ఇంకో చుక్క వదిలింది. సిరంజి ఖాళీ అయ్యేసరికి అన్నం కుక్కరు చల్లారిపోయింది.

రెండోరోజుకి పెరట్లో ఉన్న కాస్త గరిక అయిపోయింది. బజారులో కొత్తిమీర ఉంది గానీ గరిక లేదు. పద్మకుమారి భర్త వైపు తిరిగింది.

"తోటల్లో గడ్డి బస్తాలెక్కన కోయించి పారబోత్తారు కదా. ఓ గుప్పెడు తెండి."

ఆదిబాబు నసిగాడు. ఆ గడ్డికి నెలనెలా పురుగుమందు కొట్టాలని కాంట్రాక్టులోనే ఉందన్నాడు. మందు తగిలిన గడ్డి దీనికి విషమని శ్వేత ఫోనులో చూసి చెప్పింది. అందరూ దిగాలుగా కూర్చున్నారు. ఆదిబాబు కాసేపు కాలివేళ్లు చూసుకున్నాడు.

"మందు బిల్లులో కొట్టినాం."

"అంటే?"

"అంటే గడ్డికి కొట్టనేదు."

పద్మకుమారి సంచీ తెచ్చి అతని చేతిలో పెట్టింది. దొంగ బిల్లుల వల్ల ఆ కంపెనీలో ఒళ్లు చేసిన ప్రాణుల్లో మోమో ఒక్కటే నాలుగు కాళ్లది.

సాబ్‌కి చెప్పక తప్పదు కాబట్టి ఆదిబాబు ఫోను చేశాడు. సాబ్ కుటుంబంతో అండమాన్‌లో పడవ మీద ఉన్నాడు. మాట సగం గాలికి పోయింది. నీకు మంచిదనిపించింది చెయ్ అన్న ముక్క మాత్రం వినబడింది. ఆదిబాబు ఈ సంగతి ఇంకెవరికీ చెప్పలేదు. అయినా సాయంత్రానికల్లా నీలకంఠం గుమ్మంలో ఉన్నాడు. చేతిలో బాదంపొడి డబ్బా, మెడలో కొత్త తువ్వాలు.

"ఏటి చెల్లెమ్మా, పసిదానికి ఒంట్లో బాగునేదంట. నాకొక్క మాట చెప్పకూడదేటి?" అంటూ చెప్పులు విడిచాడు.

లోపలికొచ్చి మోమో ముందు చేతులు జోడించి నిలబడి, శ్వేతకి ఫోనిచ్చి ఫొటో తీయించుకున్నాడు. అతను గుమ్మం దాటకముందే ఆ ఫొటో సాబ్‌కి చేరింది. మర్నాడు క్యాంటీన్ కాంట్రాక్టరు హరిప్రసాద్ మాల్టు పొడీ, చాయ్‌బాసా అడవి తేనే తెచ్చాడు. కరెంటు పనుల జయప్రకాష్ అందరికన్నా ఒక అడుగు ముందుకేసి, సాబ్ గారి మోమోకి ఎంగిలి మిక్సీ ఏమిటని కొత్త మిక్సీయే కొనుక్కొచ్చాడు. ఆ తర్వాత ఎవరెవరు వచ్చారో పద్మకుమారికి గుర్తులేదు. రోజూ సాయంత్రం ముందుగది నిండిపోయేది. ముద్దలో ఏం కలపాలన్న దాని మీద వాదనలు జరిగేవి. మాల్టు లేనిదే బలం రాదని హరిప్రసాద్, బాదం లేనిదే మెదడు పనిచేయదని నీలకంఠం. గినీపిగ్గుకి మెదడు పనిచేసి ఏం చేయాలో ఎవరూ అడగలేదు. ఇంజనీరింగు పనుల కాంట్రాక్టరు ఒకాయన, ముద్ద చిక్కదనానికి ఒక ప్రమాణం ఉండాలనీ, తన మనిషిని పంపి రోజూ పరీక్ష చేయిస్తాననీ అన్నాడు.

పద్మకుమారి ఎవరికీ ఎదురు చెప్పలేదు. అందరి డబ్బాలూ తీసుకుంది, టీలు ఇచ్చింది, లోపలికెళ్లి డాక్టరు చెప్పిందే కలిపింది. బాదంపొడితో పాయసం వండింది. మాల్టు అమ్మణ్ణి పాలల్లోకి పోయింది. అది తాగాక మోకాళ్ల నెప్పి తగ్గిందని ఆవిడ సంతోషించింది. కొత్త మిక్సీ మాత్రం నిజంగానే పనికొచ్చింది. గింజలు మరీ మెత్తగా నలగడంతో సిరంజి మూతి పూడుకోవడం మానింది.

ఒకనాడు నీలకంఠం, సిరంజి తన చేతిలో ఉన్నట్టు ఒక ఫొటో కావాలన్నాడు. తెల్ల చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. పద్మకుమారి మోమోని పట్టుకుంది. అతను కెమెరా వైపు నవ్వుతూ సిరంజి ఒకేసారి నొక్కేశాడు. మోమో తల విదిలించింది. ముద్దంతా అతని జేబు మీదికి వచ్చింది. ఆ ఫొటో ఒక్కటీ సాబ్‌కి వెళ్లలేదు.

నాలుగో, ఐదో రోజుకి మోమో నాలుగు పెంట గింజలు వేసింది. చిన్నవి, వంకర టింకరవి. పద్మకుమారి వాటిని కాగితం మీద పెట్టి శ్వేతకి చూపించింది. తల్లీకూతుళ్లు వాటి చుట్టూ కూర్చుని మురిసిపోతుంటే, వీళ్లకి మతి పోయిందని అమ్మణ్ణి తేల్చింది.

అప్పుడే కంపెనీలో ఒక కబురు పుట్టింది. మెహ్‌రోత్రాని పుణె బదిలీ చేశారట, సెలవు నుంచి రావడం సామాన్లు సర్దుకోవడానికేనట.

ఆ సాయంత్రం పద్మకుమారి టీ నీళ్లు పెట్టింది. ఎవరూ రాలేదు. మర్నాడు జయప్రకాష్ ఒక్కడే వచ్చాడు. మోమో ఎలా ఉందని అడగలేదు. తమ ఇంట్లో మిక్సీ పాడైందనీ, ఇబ్బంది లేకపోతే దాన్ని ఓసారి ఇవ్వమనీ అడిగాడు. పద్మకుమారి కడిగి, తుడిచి, అట్టపెట్టెతో సహా ఇచ్చింది. ముద్ద మళ్లీ పాత మిక్సీలోనే రుబ్బింది. అది నలగకపోతే గుడ్డలో వేసి పిండింది.

ఆదిబాబు కూడా ఆ రోజు గరిక తేలేదు. చొక్కా విప్పి కుర్చీలో కూలబడ్డాడు. సంచీ ఏదని ఆవిడ అడిగింది.

"ఇంకెందుకే ఇదంతా? సాబ్ పుణె ఎల్లిపోతన్నాడంట."

"అయితే?"

"కొత్తోడు వత్తాడు. ఆడింట్లో చిలకుంటాదో, చేపలుంటాయో."

పద్మకుమారి తువ్వాల్లో మోమోని చుడుతోంది. చుట్టడం ఆపలేదు.

"సాబ్ ఎల్లిపోతన్నాడని దీనికి తెలీదు కదండీ. దీనికి ఆకలేత్తాది. గడ్డి తెండి."

ఇన్నాళ్లుగా ఈ ఇంట్లో ఆ జంతువు పేరు తాను ఎన్నోసార్లు పలికినా, దాని ముఖం సరిగ్గా చూడలేదని ఆదిబాబుకి అప్పుడు తట్టింది. చూశాడు. ఒక కన్ను చుట్టూ గోధుమరంగు, ఇంకో కన్ను చుట్టూ తెలుపు. పద్మకుమారి సిరంజి తీయగానే అది మెడ చాపింది. అతను మళ్లీ చొక్కా తొడుక్కుని, సంచీ తీసుకుని బయటికి నడిచాడు. ఎవరూ చూడని పనికి, ఎవరికీ చెప్పుకోలేని పనికి అలా వెళ్లడం అతనికి కొత్త. తోటలో మోకాళ్ల మీద కూర్చుని లేత గరిక ఏరుతుంటే, అతని పనివాళ్లే వింతగా చూశారు.

వారం తిరక్కుండా అసలు సంగతి బయటపడింది. పుణె వెళ్తున్నది స్టోర్స్‌లో పనిచేసే ఇంకో మెహ్‌రోత్రా. సాబ్ ఎక్కడికీ పోవడం లేదు. పైగా కాంట్రాక్టులన్నీ ఇకమీద ఆయన చేతి మీదుగానే పోతాయట. ఆ సాయంత్రం టీ వేళకి జయప్రకాష్ అదే మిక్సీతో, ఈసారి ఇంకో జార్ అదనంగా పట్టుకుని వచ్చాడు. నీలకంఠం రెండు బస్తాల గడ్డి ఆటోలో వేయించుకొచ్చాడు. పద్మకుమారి గేటు దగ్గరే ఆపింది.

"అది నిద్రోతంది అన్నయ్యా. ఇచ్చేసి ఎల్లండి," అంది. గడ్డి తీసుకుంది, మిక్సీ తీసుకోలేదు.

లోపల మోమో నిద్రపోవడం లేదు. ఆ పొద్దున్నే మొదటిసారి తనంతట తాను ఒక గరిక పోచ నోట కరుచుకుని, చివరిదాకా నమిలి లోపలికి లాక్కుంది. ఇప్పుడు ఎండుగడ్డి మీద పడి తింటోంది.

సాబ్ వచ్చిన రోజు ఆదిబాబు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పంజరం కడిగి, మోమో బొచ్చు దువ్వించి, డాక్టరు చీటీలన్నీ జేబులో పెట్టుకుని బంగళాకి బయల్దేరాడు. దారి పొడుగునా ఏం చెప్పాలో మనసులో హిందీలో అల్లుకున్నాడు. బంగళా వెనక, తను కోయించిన గడ్డి మీదే సాబ్ కూతురు ఆడుకుంటోంది. ఆ పాప ఒళ్లో ఒక గినీపిగ్గు ఉంది. తెలుపూ గోధుమరంగూ. పాప దాన్ని మోమో అని పిలుస్తోంది.

సాబ్ గబగబా నడిచొచ్చి ఆదిబాబుని గ్యారేజీ వెనక్కి లాక్కెళ్లాడు. తర్వాత ఇంట్లో ఆదిబాబు చెప్పిన ప్రకారం, అక్కడ జరిగింది ఇది. నీలకంఠం మొదలుకుని అందరూ పంపిన ఫొటోలు మేమ్‌సాబ్ చూసింది. తువ్వాల్లో చుట్టిన మోమో, దాని చుట్టూ వరసగా చేతులు జోడించి తలలు వంచి నిలబడ్డ మగవాళ్లు. అవి సంతాప సభ ఫొటోలనే ఆవిడ అనుకుంది. కింద రాసిన మాటలు కూడా అలాగే ఉన్నాయి. పాప ఏడుస్తుందని, తిరిగొస్తూ కలకత్తాలో అలాంటిదే ఇంకొకటి కొన్నారు. ఇదే మన మోమో, ఆదిబాబు అంకుల్ తెచ్చిచ్చాడు అని చెప్పేశారు. ఇప్పుడు రెండోది కనబడితే పాపకి ఏమని చెప్పాలి?

కాబట్టి దీన్ని ఎవరికీ చూపించొద్దన్నాడు సాబ్. మోమోకి ఒంట్లో బాగోలేదన్న మాట కూడా ఇక ఎక్కడా రావద్దన్నాడు. అసలు దానికేమీ కాలేదు.

ఆదిబాబు జేబులో చీటీలు అలాగే ఉండిపోయాయి. తలూపాడు. కాంట్రాక్టు సంగతి అడగాలా వద్దా అని నిలబడ్డాడు. అది పసిగట్టి సాబ్ విసుక్కున్నాడు. ఆ ఫైలు సెలవు మీద వెళ్లే ముందే పాత రేటుకి సంతకమైపోయిందట. టేబుల్ ఖాళీ చేయాలని అన్నిటితో పాటు దాని మీదా చూడకుండా సంతకం పెట్టేశాడట. ఆర్డరు గుమాస్తా దగ్గర పడి ఉందట, వెళ్లి తీసుకోమన్నాడు.

పంజరం మోసుకుని ఆదిబాబు వెనక్కొచ్చాడు. పద్మకుమారి గుమ్మంలోనే చూసింది. అతను అంతా చెప్పాడు. ఆవిడ నవ్వుతుందనుకున్నాడు, లేదా తిడుతుందనుకున్నాడు. ఆవిడ పంజరం అందుకుని, చల్లగాలి తగలని ఆ పాత చోట్లోనే పెట్టింది.

"ఇచ్చీడానికి నాకసలు మనసొప్పనేదు. మంచిదే అయింది," అంది. పొద్దున్నుంచీ ఆవిడ మొహం ఎందుకలా ముడుచుకుని ఉందో ఆదిబాబుకి అప్పుడు అర్థమైంది.

ఆదిబాబుకి తోటలు దక్కాయన్న కబురు కాంట్రాక్టర్లందరికీ చేరింది. ఫైలు ముందే సంతకమైందంటే ఒక్కడూ నమ్మలేదు. గినీపిగ్గు వల్లే దక్కిందని తేల్చుకున్నారు. రెండు నెలల్లో ఆ కాంట్రాక్టర్ల ఇళ్లలో సగానికి సగం గినీపిగ్గులు వెలిశాయి. ఆఫీసర్ల జంతువులని చూసుకోవడంలో మాకు అనుభవం ఉంది సార్ అని చెప్పుకోవడానికట. హరిప్రసాద్ తన దాని ఫొటో విజిటింగ్ కార్డు వెనక వేయించాడు. నీలకంఠం ఏకంగా రెండు తెచ్చాడు.

వానాకాలం మొదట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం నీలకంఠం ఆదిబాబు ఇంటికొచ్చాడు. చొక్కా బొత్తాలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. చేతిలో మిఠాయి డబ్బా. పద్మకుమారి మిఠాయి దేనికని అడగబోయి, డబ్బా మూతకి చిల్లులుండటం చూసి ఆగిపోయింది.

"నిన్నట్నుంచి ఏటీ తినడం నేదు చెల్లెమ్మా. ఈ పూట డాక్టరు లేడంట, రేపొత్తాడంట. రెండోది దీని పక్క నుంచి కదలనేదు," అన్నాడు.

ఆవిడ తువ్వాలు తెచ్చింది. గింజలు నానబెట్టమని భర్తకి చెప్పింది. సిరంజి కడిగి నీలకంఠానికే ఇచ్చింది. అతను ఈసారి గోడకి ఆనుకుని నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. దాన్ని ఎలా చుట్టాలో, గడ్డం కింద వేలెలా ఉంచాలో ఆవిడ చూపించింది. ఒక్క చుక్క వదిలి ఆగమంది. అతను వదిలాడు. అది మింగలేదు. పచ్చటి చుక్క అతని మణికట్టు మీదికి జారింది. తుడుచుకోలేదు.

"మింగుతాదంటావా?"

"ఆగండి అన్నయ్యా. కంగారు పడకండి."

నీలకంఠం జేబులో ఫోను మోగింది. ఆదిబాబు తొంగి చూసి, సాబ్ దగ్గర్నుంచని చెప్పాడు. నీలకంఠం కళ్లెత్తలేదు. దాని దవడ వైపే చూస్తూ ఇంకో చుక్క వదిలాడు.